అమ్మాయితో ఒలీవియా రోడ్రిగో కాన్సర్ట్‌కి వెళ్తున్నా (డాలస్, మార్చి 1) – ఎలా ఉంటుందో కాస్త చెప్పండి

ఫ్రిస్కో_నాన్న
18 ఫిబ్రవరి 2024, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయికి పదమూడేళ్లు. మార్చి 1 శుక్రవారం డాలస్ అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌లో ఒలీవియా రోడ్రిగో షోకి రెండు టికెట్లు ఉన్నాయి. వాళ్లమ్మ వెళ్లాల్సింది. ఈలోగా మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ కుదిరింది, ఆవిడ విజయవాడ ప్రయాణం. ఇక మిగిలింది నేను.

నాకు తెలిసిన కచేరీలు రెండే రకాలు. ఒకటి బాలుగారిది, కూర్చుని విని కళ్లు తుడుచుకుని రావడం. రెండోది మన సంఘాల మ్యూజికల్ నైట్, మధ్యలో సమోసాకి లేచినా ఏమీ పోదు. ఇక్కడ మూడు గంటలు నిలబడాలని మా అమ్మాయి అంటోంది. నిజమేనా? పాటలు ఒక్కటీ రావు నాకు. అక్కడ మగాణ్ణి నేనొక్కణ్ణే ఉంటానా? కారు ఎక్కడ పెట్టాలి, లోపలికి ఏం తీసుకెళ్లనిస్తారు, ఎన్నింటికి అవుతుంది? వెళ్లొచ్చినవాళ్లు చెబితే పుణ్యం ఉంటుంది.

ప్లేనో_పద్మ
18 ఫిబ్రవరి, రాత్రి 9:40

అన్నయ్యా, ఒలీవియాది కాదుగానీ అదే హాల్లో మా పిల్లలతో మూడు షోలు చూశాను. ముందు టికెట్ల సంగతి. వాటిని ఇప్పుడే ఫోన్ వాలెట్‌లో వేసుకోండి. కోడ్ కదులుతూ ఉంటుంది, స్క్రీన్‌షాట్ తీసుకెళ్తే గేటు దగ్గర పనిచేయదు. అక్కడ వేలమంది ఒకేసారి ఫోన్లు తెరుస్తారు, నెట్ రాదు. మా ముందు నిలబడ్డ ఒక తండ్రి చెమటలు కక్కడం కళ్లారా చూశాను.

పెద్ద హ్యాండ్‌బ్యాగులు వద్దు. సైజు నిబంధన అరీనా సైట్‌లో ఉంటుంది, ముందురోజు చూసుకోండి. ఫోన్ ఛార్జర్ ఒకటి జేబులో పడెయ్యండి. అమ్మాయి రెండు గంటలూ వీడియో తీస్తుంది, ఇంటికొచ్చే దారి చూపించడానికి మీ ఫోన్ బతికుండాలి కదా.

కారు ప్లేనో వైపు నుంచి డౌన్‌టౌన్‌కి తీసుకెళ్లకండి. నార్త్ కారల్టన్ స్టేషన్ దగ్గర పెట్టి డార్ట్ (మన డాలస్ లోకల్ రైలు) గ్రీన్ లైన్ ఎక్కితే నేరుగా విక్టరీ స్టేషన్. దిగితే ఎదురుగా అరీనాయే. తిరుగు రైలు టైము మాత్రం పోయేటప్పుడే చూసి పెట్టుకోండి.

వాసు_వరంగల్
18 ఫిబ్రవరి, రాత్రి 10:05

అన్నా, టికెట్ ఎంత పడ్డది?

ఫ్రిస్కో_నాన్న
18 ఫిబ్రవరి, రాత్రి 10:11

అడక్కు తమ్ముడూ. సెప్టెంబర్‌లో పేర్లు నమోదు చేసుకుంటే లాటరీ తీశారు, మాకు వెయిటింగ్ లిస్ట్ వచ్చింది. తర్వాత రీసేల్‌లో కొన్నా. అసలు ధరకి నాలుగింతలు. మా ఆవిడకి మూడింతలని చెప్పా.

వాసు_వరంగల్
18 ఫిబ్రవరి, రాత్రి 10:20

గట్లనే ఉన్నది. మా బిడ్డ కూడ ఏడుస్తున్నది, నాకు దొరకలే. ఆ అమ్మాయి వయసెంత, ఇంత పిచ్చి ఏంది జనానికి?

ఆస్టిన్_ఆవకాయ
18 ఫిబ్రవరి, రాత్రి 11:32

ఎల్లుండితో 21 నిండుతాయి అంకుల్. కాలిఫోర్నియా పిల్ల, వాళ్ల నాన్నవైపు ఫిలిప్పీన్స్ మూలాలు. డిస్నీ సీరియల్స్‌లో నటించేది. 2021 జనవరిలో "డ్రైవర్స్ లైసెన్స్" పాట వచ్చింది, అందరం ఇళ్లల్లో తలుపులేసుకుని జూమ్‌లో క్లాసులు వింటున్న రోజులు. నేను హైస్కూల్లో ఉన్నా అప్పుడు. ఆ పాట విని మా బ్యాచ్ మొత్తం ఏడ్చింది, మాలో ఎవ్వరికీ లైసెన్సూ లేదు, బాయ్‌ఫ్రెండూ లేడు. 2022లో మూడు గ్రామీలు వచ్చాయి. ఇప్పుడు నడుస్తున్నది "గట్స్" అని రెండో ఆల్బమ్ టూర్, ఈ 23న పామ్ స్ప్రింగ్స్ దగ్గర మొదలవుతుంది. నాకు 28న ఆస్టిన్‌లో టికెట్ ఉంది. వచ్చి చెప్తా.

వాసు అంకుల్, "సిల్వర్ స్టార్" టికెట్లని ఉన్నాయి. ఇరవై డాలర్లు. కొన్నే ఉంటాయి, షో దగ్గర పడ్డాక ఉన్నట్టుండి అమ్మకానికి పెడతారు, రెండేసి జంటగా కొనాలి. సీటు ఎక్కడో ముందు తెలియదు, ఆ రోజు బాక్సాఫీసు దగ్గర తీసుకున్నాకే తెలుస్తుంది. ఒలీవియా ఇన్‌స్టాగ్రామ్‌కి నోటిఫికేషన్ పెట్టుకోండి.

వాసు_వరంగల్
18 ఫిబ్రవరి, రాత్రి 11:40

బిడ్డా నువ్వు సల్లగుండాలె. ఇన్‌స్టా డౌన్‌లోడ్ చేస్తున్న.

చెవుల_డాక్టరమ్మ
19 ఫిబ్రవరి, ఉదయం 6:50

నేను చెవి, ముక్కు, గొంతు వైద్యురాలిని. ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్తున్నా: చెవి ప్లగ్గులు తీసుకెళ్లండి. పని చేసేచోట శబ్దం గురించి ఇక్కడ నియోష్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టిన లెక్క ఒకటుంది. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగానికి పడిపోతుంది. అలా లెక్కేసుకుంటూ పోతే 100 దగ్గర పదిహేను నిమిషాలే. అరీనా కాన్సర్ట్‌లో 100 రావడం పెద్ద విశేషం కాదు. స్పీకర్ల సంగతి సరే, మీ పక్కన కూర్చున్న పదిమంది ఆడపిల్లల గొంతులు కూడా కలుపుకోండి.

మందుల షాపులో దొరికే ఫోమ్ ప్లగ్గులు చాలు. వేళ్లతో సన్నగా నలిపి, చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. చాలామంది పైపైన గుచ్చుకుని పనిచెయ్యలేదంటారు. అమ్మాయి వద్దంటుంది. సంగీతకారులు వాడే రకం కొనిపెట్టండి, పాట స్పష్టంగానే వినిపిస్తుంది, జుట్టు కింద కనిపించదు కూడా. కనిపించకపోవడమే వాళ్లకి ముఖ్యం.

కడప_కారం
19 ఫిబ్రవరి, ఉదయం 8:15

ఇంతమంది ఇన్ని చెప్తాండారు, నేనొక మాట అడుగుతా. ఆ పాటల్లో బూతులుండాయి కదప్పా. మా తమ్ముని కూతురు కారులో పెడితే విన్నా. నాలుగు లైన్లకు ఒకటి. ఒక పాట పేరులోనే ఉంది. డబ్బులు పోసి పదమూడేండ్ల పిల్లను పిల్చకపోయి ఆ మాటలు గట్టిగా అరిపించేదేమిటికి?

ప్లేనో_పద్మ
19 ఫిబ్రవరి, ఉదయం 8:31

స్కూలు బస్సులో ఉచితంగా నేర్చుకుంటున్నారు అన్నగారూ.

కడప_కారం
19 ఫిబ్రవరి, ఉదయం 8:44

నవ్వులాటకు కాదులేమ్మా. బస్సులో నేర్చుకునేది వేరే, నాయన పక్కన నిలబడి అరిచేది వేరే.

ఫ్రిస్కో_నాన్న
19 ఫిబ్రవరి, మధ్యాహ్నం 12:20

కారంగారూ, మీరన్నది నాకూ గుచ్చుకుంటూనే ఉంది. రాత్రి కూర్చుని ఆల్బమ్ మొత్తం విన్నా, సాహిత్యం చదువుకుంటూ. తిట్లున్నాయి, నిజమే. కానీ తిట్లకన్నా ఎక్కువగా ఉన్నదేంటంటే, నేను అందంగా లేను, అందరిలో తప్పు మాట్లాడేశాను, ఇంటికొచ్చి సిగ్గుతో చచ్చిపోతున్నాను, ఇదే. మా అమ్మాయి ఈ మాటలేవీ మాతో అనదు. గది తలుపేసుకుని పాట పెడుతుంది. అది విన్నాక ఎలా ఆపను?

తిట్లు వచ్చినప్పుడు నేను ఫోన్ చూసుకుంటా.

గ్యాలరీ_గిరి
19 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:05

మన మాస్ పాటలకి స్టేజి మీద ఐదేళ్ల పిల్లలతో స్టెప్పులేయిస్తాం, వాటి అర్థాలు చెప్పమంటే ఎవరూ చెప్పరు. ఈ అమ్మాయి కనీసం తన పాటలు తానే రాసుకుంటోంది. పైగా టూర్ డబ్బులో కొంత ఆడవాళ్ల హక్కుల నిధికి ఇస్తుందట, అదీ టెక్సాస్‌లో…

మోడరేటర్
19 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:30

గిరిగారూ, ఆ దారి పట్టకండి. ఎన్నికల సంవత్సరం, ఈ చర్చ నాకు బతికుండాలి. దీని కింద వచ్చిన పదకొండు జవాబులు తీసేశాను. కాన్సర్ట్ గురించి మాట్లాడుకుందాం.

హ్యూస్టన్_అత్తయ్య
28 ఫిబ్రవరి, ఉదయం 10:25

నిన్న రాత్రి హ్యూస్టన్ టొయోటా సెంటర్‌లో చూసొచ్చాం, మేనకోడళ్లిద్దరితో. గొంతు పోయింది, వేళ్లు పనిచేస్తున్నాయి కాబట్టి రాస్తున్నా.

ఏడున్నర అంటే ఏడున్నరే నాయనా! మన లెక్కలో ఎనిమిదిన్నరకి బయల్దేరితే చంద్రుడు కూడా అస్తమిస్తాడు (ఆ చంద్రుడి సంగతి ఆస్టిన్ అమ్మాయి చెప్తుందిలే, నేను చెప్తే నన్ను తిడుతుంది). ముందు చాపెల్ రోన్ అని ఒకమ్మాయి పాడుతుంది. ఎర్రజుట్టు, నాటకాల్లో రాణిలా ముఖానికి రంగు. పేరు నేనెప్పుడూ వినలేదు. అందరూ ఆ టైములో పాప్‌కార్న్‌కి పోతున్నారు. మీరు పోవద్దు. చేతులతో అక్షరాలు చూపించే పాట ఒకటుంది, ముందు తనే నేర్పిస్తుంది, తర్వాత హాలంతా చేస్తుంది. నాకు అరవై రెండు, నేనూ చేశా.

తర్వాత అరగంట పైన ఖాళీ. బాత్రూమ్‌కి అప్పుడే వెళ్లండి. ఆడవాళ్ల వైపు క్యూ తిరుపతి కంపార్ట్‌మెంట్ లాగే ఉంది, మగవాళ్ల వైపు ఈగలు. జీవితంలో ఒక్కసారి మగాళ్లకి కలిసొచ్చే చోటు ఇదే అనుకుంటా.

టీషర్టులు కొనాలంటే లోపలికి వెళ్లగానే కొనేయండి. చివర్లో సైజులుండవు. ధర చూసి మాట్లాడకండి. ఆ డబ్బుకి మాకు వారం కూరగాయలొస్తాయి. మేనకోడలు రాత్రి దాన్ని వేసుకునే పడుకుంది.

కూర్చోవడం మర్చిపోండి. మీరు కూర్చుంటే ముందువాళ్ల వీపులే కనబడతాయి. బూట్లు మెత్తవి వేసుకోండి. ఆ అమ్మాయి మాత్రం బరువైన బూట్లేసుకుని గంటన్నర ఎగురుతూనే ఉంది, ఊపిరి తప్పలేదు. బ్యాండంతా ఆడపిల్లలే. డ్రమ్స్ వాయించే పిల్లని చూస్తూ ఉండిపోయా. మా కాలంలో నాకు వీణ నేర్పించారు, మృదంగం అడిగితే నవ్వారు.

ఆస్టిన్_ఆవకాయ
29 ఫిబ్రవరి, తెల్లవారుజామున 1:48

ఇప్పుడే వచ్చా. నిద్ర రాదు. అంకుల్, ఏం జరుగుతుందో ముందే తెలియకూడదంటే ఇక్కడే ఆపెయ్యండి.

నా సీటు పై అంతస్తులో. చీమలా కనిపిస్తుందని బాధపడుతూ వెళ్లా. సగం అయ్యాక నెలవంక ఒకటి కిందికి దిగింది, ఆ నెలవంక మీద కూర్చుని తను హాలంతా గాల్లో తిరిగింది, పై వరసల్లో ఉన్న మా వైపు చెయ్యి ఊపుతూ. చుట్టూ నక్షత్రాలు వేలాడుతుంటాయి. ఖరీదైన టికెట్లవాళ్లు ఆ ఐదారు నిమిషాలూ మెడలెత్తి చూశారు. అంకుల్, మీ సీట్లు పైనున్నా దిగులుపడకండి.

"టీనేజ్ డ్రీమ్" అప్పుడు తన చిన్నప్పటి ఇంటి వీడియోలు తెర మీద వేస్తారు. మా వెనక ఒక ఆంటీ వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్లలకన్నా తల్లులకే అక్కడ కర్చీఫ్ కావాలి. మీరూ ఒకటి పెట్టుకోండి, చెప్పలేం.

చివరికొచ్చేసరికి ఒక పాటలో (కారం అంకుల్ అన్న పేరున్నదే, ఇక్కడ రాస్తే మోడరేటర్ గారు కొడతారు) పాట ఆపి, మిమ్మల్ని బాగా కోపం తెప్పించిన మనిషినో విషయాన్నో తలుచుకోండి, లైట్లు ఆరగానే అరవండి అంటుంది. చీకటి పడుతుంది. అరుస్తారు. దాని గురించి ఇంకేం రాయను, వెళ్లి చూడండి. ఆ తర్వాత అయిపోయిందనుకుని పార్కింగ్‌కి పరిగెత్తకండి, మళ్లీ వచ్చి "గుడ్ ఫర్ యు" పాడుతుంది, ఆఖరి పాట మెగాఫోన్ పట్టుకుని.

ఫ్రిస్కో_నాన్న
29 ఫిబ్రవరి, సాయంత్రం 6:30

చదువుతుంటేనే భయం వేస్తోంది, ఆశా పుడుతోంది. ఒక్క ప్రశ్న. బట్టలు. అమ్మాయి వంగపండు రంగు తళుకుల గౌను, నల్ల బూట్లు, జడకి రిబ్బన్లు. రెండువారాలుగా బుగ్గమీద నక్షత్రాలు అంటించుకుని చెరుపుకుంటోంది. నన్నూ వంగపండు రంగు చొక్కా వేసుకోమంటోంది. నా దగ్గరున్నది మా బావమరిది పెళ్లికి కుట్టించిన సిల్కు లాల్చీ ఒక్కటే.

ప్లేనో_పద్మ
29 ఫిబ్రవరి, సాయంత్రం 6:34

వేసుకోండి! ప్లీజ్!

హ్యూస్టన్_అత్తయ్య
29 ఫిబ్రవరి, సాయంత్రం 7:02

వేసుకో నాయనా. తండ్రులు బోలెడుమంది ఉన్నారు అక్కడ. "ఈమె నాన్నని" అని చొక్కామీద రాయించుకొచ్చినవాళ్లని నలుగుర్ని చూశా. లాల్చీ వేసుకున్నవాడు మాత్రం నువ్వొక్కడివే అవుతావు.

ఫ్రిస్కో_నాన్న
2 మార్చి 2024, ఉదయం 11:15

వెళ్లొచ్చాం.

లాల్చీ వేసుకున్నా. గేటు దగ్గర తనిఖీ చేసే పెద్దాయన "ఈ రాత్రికి ఇదే బెస్ట్" అన్నాడు. మా అమ్మాయి మొదట రెండడుగులు దూరంగా నడిచింది, ఆ మాట విన్నాక పక్కకొచ్చింది.

డార్ట్‌లో వెళ్లాం. కారల్టన్‌లో ఎక్కినప్పుడు పెట్టెలో మేమిద్దరమే తళుకుల బట్టల్లో ఉన్నాం. స్టేషన్ స్టేషన్‌కీ ఇంకొందరు ఎక్కారు. విక్టరీ వచ్చేసరికి పెట్టె మొత్తం వంగపండు రంగే. ఒకరి రిబ్బన్లు ఒకరు సర్దుకుంటున్నారు, ఒకరి పేరు ఒకరికి తెలియదు. మా పిల్ల స్కూల్లో ఎవరితోనూ మాట్లాడదని టీచరు రెండుసార్లు కబురుపెట్టింది. ఈ పిల్లేనా ఆ పిల్ల అనిపించింది.

అత్తయ్యగారు చెప్పినా వినకుండా చాపెల్ రోన్ టైములో నేను నీళ్లకోసం పోయి క్యూలో ఇరుక్కున్నా. సగం పాటలు గోడ అవతలినుంచే విన్నా. అక్షరాల పాటకి మాత్రం అందుకున్నా. తప్పుగా చేశా, ముందువరస పిల్ల వెనక్కి తిరిగి సరిచేసింది.

డాక్టరమ్మగారూ, ప్లగ్గులకి దణ్ణం. "వ్యాంపైర్" పాటకి హాలంతా కలిసి పాడుతుంటే కుర్చీ అదిరింది. ఒక నిమిషం ప్లగ్గు తీసి చూశా. వెంటనే పెట్టుకున్నా.

ఆ అరుపు సంగతి చెప్పాలి. లైట్లు ఆరాయి. ఎవరు కనపడతారో ఎవరు వింటారో అన్న బెరుకు ఎవరికీ లేదు. నేనేం తలుచుకున్నానో తెలుసా? గ్రీన్ కార్డు క్యూ. 2012 నుంచి. ఎప్పుడూ నోరెత్తి ఎవరిమీదా అరవని మనిషిని, లాల్చీ చించుకునేలా అరిచా. అరిచి ఊపిరి తీసుకుంటుంటే పక్కన మా అమ్మాయి గొంతు వినిపించింది. నాకన్నా గట్టిగా. నాకన్నా ఎక్కువసేపు.

పదమూడేళ్ల పిల్లకి అంత అరుపు ఎక్కడిదండీ?

లైట్లు వెలిగాక నావైపు చూసి నవ్వింది, మళ్లీ గెంతడం మొదలెట్టింది. తిరుగు రైల్లో "నువ్వు దేనికరిచావు నాన్నా?" అంది. చెప్పా. పడీపడీ నవ్వింది. నువ్వో అనలేదు నేను. భుజం మీద పడి నిద్రపోయింది, బుగ్గ మీది నక్షత్రాలు నా లాల్చీకి అంటుకున్నాయి.

తిట్లు వచ్చినప్పుడు ఫోన్ చూసుకుంటానన్నా కదా. ఫోన్ చూసుకోవడం గుర్తులేదు.

కడప_కారం
2 మార్చి, మధ్యాహ్నం 12:40

బాగా రాసినావు. నా మాట నాదే, మార్చుకోను. కాని ఆ గ్రీన్ కార్డు అరుపు నాదీ ఒకటి కలుపుకో. నాది 2010.

వాసు_వరంగల్
2 మార్చి, మధ్యాహ్నం 1:10

ఇరవై డాలర్ల టికెట్లు డాలస్‌కి నాకు దొరకలే. ఆఫీసు మీటింగుల ఉండంగ పెట్టిన్రు, చూసేసరికి అయిపోయినయ్. మా బిడ్డ రెండురోజులు మాట్లాడలే. సెయింట్ లూయిస్‌ల 12వ తారీఖు ఉన్నదంట, మా తమ్ముడు ఆడనే ఉంటడు. తొమ్మిది గంటల డ్రైవ్. పోవాల్నా?

హ్యూస్టన్_అత్తయ్య
2 మార్చి, మధ్యాహ్నం 1:22

పో.

వాసు_వరంగల్
13 మార్చి, రాత్రి 11:50

పోయినం. దొరికినయ్. స్టేజి పక్కనుంచి కనబడే సీట్లు, తెర సగమే కనబడ్డది, మనిషి మాత్రం మంచిగ కనబడ్డది. నా బిడ్డ సంగతి ఏం చెప్పాలె, దారంతా పాడుకుంటనే వచ్చింది. నాకిప్పుడు ఆ పాటలన్ని వస్తయ్, అదే బాధ.

ప్లేనో_పద్మ
4 ఆగస్టు 2024, సాయంత్రం 5:15

పాత చర్చ పైకి తెస్తున్నా, క్షమించండి. చికాగో లొల్లాపలూజా సంగీతోత్సవం వీడియోలు చూశారా? మొన్న 1వ తేదీన చాపెల్ రోన్ పాడితే మైదానం పట్టలేదు. కంటికి అందినంతమేరా జనం చేతులతో ఆ అక్షరాలు చూపిస్తున్నారు. ఫ్రిస్కో అన్నయ్య ఆవిణ్ణి వదిలేసి నీళ్ల క్యూలో నిలబడ్డాడని గుర్తుచేద్దామని.

ఫ్రిస్కో_నాన్న
4 ఆగస్టు, సాయంత్రం 5:48

మా ఇంట్లో రోజూ గుర్తుచేస్తూనే ఉన్నారమ్మా. ఒక నీళ్ల బాటిలు నాకు ఇంత ఖరీదు పడలేదెప్పుడూ.

ఫ్రిస్కో_నాన్న
30 అక్టోబర్ 2024, రాత్రి 10:40

నిన్న నెట్‌ఫ్లిక్స్‌లో ఈ టూర్ సినిమా వచ్చింది, లాస్ ఏంజెలెస్ ఇంట్యూట్ డోమ్‌లో తీసింది. ముగ్గురం కూర్చున్నాం. మా ఆవిడకి నెలవంక నచ్చింది. చిన్నప్పటి వీడియోల దగ్గర, ఆస్టిన్ అమ్మాయి చెప్పినట్టే, కొంగు తీసింది. ఆ అరుపు దగ్గరికి వచ్చేసరికి మా అమ్మాయి లేచి హాల్లో లైటు ఆర్పేసింది. నేనూ తనూ ఒకేసారి అరిచాం. మా ఆవిడ సోఫాలోంచి ఎగిరిపడింది, పక్కింటాయన తలుపు కొట్టి అంతా బాగానే ఉందా అని అడిగాడు.

చెవుల_డాక్టరమ్మ
31 అక్టోబర్, ఉదయం 6:45

ప్లగ్గులు పెట్టుకున్నారా?

ఫ్రిస్కో_నాన్న
31 అక్టోబర్, ఉదయం 7:10

ఒకటి లాల్చీ జేబులో దొరికింది డాక్టరుగారూ. రెండోది డార్ట్ రైల్లోనే పోయినట్టుంది.